నల్ల గౌనూ, మన ఆడపడుచులూ

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, కామాఠీలు బొంబాయికి వచ్చిన సంగతే మళ్ళీ రాద్దామనుకున్నాను. కాని నిరుడు మా ఇంటిమీదికి వచ్చిన ఒక కోర్టు వ్యవహారం వల్ల ఆలోచన వేరే దారి పట్టింది. అందుచేత ముందు ఆ సంగతి చెప్పి, తరువాత చరిత్రలోకి వెళ్ళడానికి పాఠకులు అనుమతించాలి.

మా నాన్నగారు పోయిన తరువాత, మేము ఉంటున్న ఖోలీ అమ్మ పేరుకు మార్చే విషయంలో తగవు వచ్చింది. సాక్షి బోనులో అమ్మ నిలబడ్డది. ఎదుటి పక్షపు వకీలు, నీకు పెళ్ళి అయినట్లు రుజువేమిటి, నీకంటె ముందు ఆ ఇంట్లో వేరే ఇల్లాలు ఉండేదా అని గుచ్చి గుచ్చి అడిగాడు. జడ్జీ, గుమాస్తా, దుబాసీ, బంట్రోతు, ఇరుపక్షాల వకీళ్ళు, నేను, అందరం మగవాళ్ళమే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేలచూపు చూస్తూ ఉండిపోయింది. సమాధానం లేదని రాసుకున్నారు.

గ్రాంటు రోడ్డు స్టేషనులో దిగి ఇంటికి నడుస్తుండగా ఆమె అన్నది ఒకే మాట. "అండ్ల ఒక్క ఆడిది ఉన్నా జెప్పేదాన్ని కొడుకా."

అట్లాంటి మనిషి ఆ గదిలో ఎందుకు లేదు? ఎవరు రానివ్వలేదు? ఎప్పుడు రానిచ్చారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ సెలవు దినాలలో చదివిన సంగతులే ఈ వ్యాసం. నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను, చట్టం చదివినవాడను కాను. పొరపాట్లుంటే చదువుకున్నవారు సరిదిద్దగలరు.

మన పేట నుంచే మొదలుపెడతాను. బొంబాయి ద్వీపాల మధ్య పల్లపు నేలలను పూడ్చి గట్లు వేసిన తరువాత, 1795 ప్రాంతం నుంచి నిజాం రాజ్యపు తెలుగు జిల్లాలవారు కూలికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కామాఠీలు కాబట్టి కామాఠిపురం. ఈ పేరు వినగానే బయటివారికి వేరే సంగతి తోస్తుంది. మన ఆడపిల్లలు కాలేజీలో చిరునామా అడిగితే "బొంబాయి సెంట్రల్ దగ్గర" అని తప్పించుకోవడం నాకు తెలుసు. కాని ఈ నగరపు రోడ్లలో, వంతెనలలో, సర్కారు కట్టడాలలో మనవారి చెమట ఉన్నది. అందులో ఆడవారి చెమట తక్కువేమీ కాదు. సున్నం తట్ట, రాళ్ళ తట్ట నెత్తిన పెట్టుకొని కామాఠీ స్త్రీ మగవానితో పాటు పనికి పోయేది. ఇప్పటి హైకోర్టు కట్టడం 1871లో మొదలై 1878లో ముగిసింది. ఆ రోజులలో తట్ట మోసే ఆడమనిషిని కట్టడంలోకి రావద్దని ఎవరూ అనరు. గౌను తొడుక్కొని వచ్చే ఆడమనిషికి మాత్రం ఆ తలుపు 1924 దాకా తెరుచుకోలేదు.

ఆ కొత్త హైకోర్టులో కొద్ది ఏండ్లకే దేశమంతా చెప్పుకున్న దావా ఒకటి నడిచింది. రుఖ్మాబాయి బొంబాయి పిల్ల, వడ్రంగుల బిడ్డ. పదకొండో యేట దాదాజీ భికాజీ అనే అతనికిచ్చి పెళ్ళి చేశారు. ఆమె పుట్టింట్లోనే ఉండి చదువుకున్నది, ఎదిగిన తరువాత కాపురానికి వెళ్ళనన్నది. అతడు దావా వేశాడు. 1885లో జడ్జి పిన్హే దావా కొట్టివేశారు. 1886లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగవేసింది. 1887 మార్చిలో, నెలలోపల భర్త ఇంటికి వెళ్ళాలి, లేకుంటే ఆరు నెలలు ఖైదు అన్నారు. ఖైదుకే పోతానని రుఖ్మాబాయి చెప్పింది. చివరకు 1888లో రెండువేల రూపాయలకు రాజీ కుదిరింది. 1891లో వచ్చిన సమ్మతి వయస్సు చట్టానికి ఈ దావా పుట్టించిన గగ్గోలు కూడా ఒక కారణం.

ఇందులో నాకు కొట్టవచ్చినట్లు కనిపించినది మరొకటి. ఒక ఆడదాని శరీరం ఎవరికి చెందుతుందనేది అక్కడి ప్రశ్న. వాదించినవారు మగవారు, విన్నవారు మగవారు, పత్రికలలో పొగిడినవారూ తిట్టినవారూ చాలామట్టుకు మగవారు. ఆమె మాత్రం 'ఒక హిందూ స్త్రీ' అని సంతకం పెట్టి పత్రికకు ఉత్తరాలు రాసుకోవలసివచ్చింది. తరువాత ఇంగ్లండుకు పోయి 1894లో డాక్టరు పట్టా పుచ్చుకొని, సూరతులో, రాజకోటలో చాలాకాలం వైద్యం చేసింది. రోగానికి ఆడ డాక్టరు కావాలని అప్పటికే పెద్దలు ఒప్పుకున్నారు. దావాకు ఆడ వకీలు కావాలని ఎవరికీ తోచలేదు.

తోచింది ఒకరికి. కార్నీలియా సొరాబ్జీ 1866లో నాసికులో పుట్టారు, పూనా దక్కన్ కాలేజీలో చదివారు. బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రురాలైన మొదటి స్త్రీ. పరీక్షలో ఆమెకు వచ్చిన స్థానానికి ఇంగ్లండులో చదువుకొనే సర్కారు వేతనం రావాలి. ఆడది గనుక ఇవ్వలేదు. చందాలతో ఆక్స్‌ఫర్డు చేరి 1892లో న్యాయశాస్త్ర పరీక్ష ఇచ్చి నెగ్గారు. పరీక్ష రాయనిచ్చారు గాని పట్టా ఇవ్వలేదు. స్త్రీలకు పట్టాలిచ్చే నిబంధన అక్కడ 1920లోగాని రాలేదు. అనగా ముప్పై ఏండ్లు ఆమె ప్యాసయీ పట్టా లేని మనిషి. తిరిగివచ్చి 1897లో బొంబాయిలో ఎల్.ఎల్.బి., 1899లో అలహాబాదులో ప్లీడరు పరీక్ష కూడా ముగించారు. అయినా కోర్టులో ప్లీడరుగా పేరు నమోదు చేయలేదు. 1904 నుంచి బెంగాలులో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తరఫున, పరదాలో ఉండే విధవల, అనాథల ఆస్తి వ్యవహారాలు చూశారు. ఆ స్త్రీలు పరాయి మగవాని ముందు నోరు విప్పరు. వారి ఆస్తి ఎవరు తిన్నారో చెప్పడానికైనా ఒక ఆడమనిషి కావాలి. మా అమ్మకు పరదా లేదు, కాని ఆ రోజు కోర్టులో ఆమె కొంగే పరదా అయింది.

ఇక తలుపు మూసిన తీర్పుల సంగతి. 1916లో కలకత్తాలో రెజీనా గుహ అనే ఆమె బి.ఎల్. పట్టా చేతబట్టుకొని ప్లీడరుగా చేర్చుకోమని దరఖాస్తు పెట్టింది. చట్టంలో 'వ్యక్తి' అని ఉన్నది, స్త్రీ కూడా వ్యక్తే గదా అన్నది ఆమె వాదం. పైగా, చట్టాలలో మగవానిని చెప్పే మాట ఆడదానికి కూడా వర్తిస్తుందని మరొక శాసనమే చెబుతున్నది. హైకోర్టు జడ్జీలు ఐదుగురు కూర్చొని, ఈ సందర్భంలో వర్తించదన్నారు. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రా దరఖాస్తును కూడా అట్లాగే తోసిపుచ్చింది. మా చాల్‌లో రేషను కార్డు రాసుకొనేవాడు వచ్చి "ఇంట్లో మనుషులెందరు?" అంటే ఆడవాళ్ళను కలిపే లెక్క చెబుతాం. ఇంత చిన్న సంగతి అంత పెద్దవారికి అన్ని పుస్తకాలు తిరగవేసినా తేలలేదు.

అదే 1921లో అలహాబాదు హైకోర్టు మాత్రం సొరాబ్జీగారిని చేర్చుకున్నది. ఒకే దేశం, ఒకే చట్టం. ఒక కోర్టులో ఆమె వ్యక్తి, పక్క రాష్ట్రపు కోర్టులో కాదు. ఈ గందరగోళం పోవడానికి 1923లో న్యాయవాద వృత్తిలో స్త్రీల చట్టం చేయవలసివచ్చింది. ఆడది అయినంత మాత్రాన ఎవరూ ఈ వృత్తికి అనర్హురాలు కారాదని దాని సారాంశం. పనిలో దెబ్బతిన్న కార్మికునికి, చనిపోతే అతని కుటుంబానికి నష్టపరిహారమిచ్చే చట్టం వచ్చినది కూడా ఆ సంవత్సరమే. మిల్లులను నమ్ముకొని బతికిన మన చాళ్ళకు రెండూ కావలసిన చట్టాలే. మొదటి దాని పేరు మన పెద్దలలో ఎవరి నోటా వినలేదు.

మరుసటి ఏడు, 1924లో, బొంబాయి హైకోర్టుకు మొదటి మహిళా న్యాయవాది వచ్చారు. మిఠన్ టాటా అనే పార్సీ యువతి, పెళ్ళి తరువాత మిఠన్ లామ్. తల్లి హీరాబాయి కూడా ధీరురాలు. 1919లో తల్లీ కూతుళ్ళిద్దరూ లండను వెళ్ళి, భారత స్త్రీలకు ఓటు హక్కు కావాలని అక్కడి పెద్దల ముందు వాదించారు. కూతురు అక్కడే ఉండి చదువుకొని 1923లో బారిష్టరైంది. ఇక్కడ భూలాభాయి దేశాయిగారి వద్ద పని నేర్చుకున్నది. కోర్టు గ్రంథాలయంలో ఆమె కూర్చుంటే, జంతుప్రదర్శనశాలకు కొత్త మృగం వచ్చినట్లు జనం తలుపు దగ్గర తొంగిచూచేవారట.

ఆమెకు మొదటి కేసు దొరికిన తీరు తప్పక చెప్పుకోవలసినది. ఆ కక్షిదారు గెలుపు ఖాయమైన కేసు తెచ్చాడు. బోలెడుమంది పేరుమోసిన బారిష్టర్లుండగా ఆమెకే ఎందుకు ఇచ్చాడు? ఎదుటివాడు ఓడిపోవడం మాత్రం చాలదు, ఒక ఆడదాని చేతిలో ఓడిపోయి తల వంచుకోవాలి, అది అతని కోరిక. చదివినప్పుడు ముందు నవ్వు వచ్చింది. తరువాత నవ్వు పోయింది. చట్టం తలుపు తెరిచిన మరుసటి ఏడే, ఒక బారిష్టరుకు కేసు వచ్చింది ఆమె విద్యను చూసి కాదు, ఆమె ఆడతనం ఎదుటివానికి అవమానం గనుక. చట్టం సనదు ఇవ్వగలదు. కేసు ఇవ్వవలసింది మనం. అక్కడ ఏ శాసనమూ పనిచేయదు.

ఆమె అట్లాగే నిలదొక్కుకున్నారు. 1936లో పార్సీల వివాహ చట్టాన్ని సవరించినప్పుడు అందులో పాలుపంచుకున్నారు. 1947లో బొంబాయి షెరీఫు అయ్యారు, ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ. 1962లో పద్మభూషణ్ ఇచ్చారు.

మన తెలుగువారి మాటకు వస్తే దుర్గాబాయమ్మగారిని చెప్పకుండా ముందుకు పోలేము. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు, ఖద్దరు ప్రదర్శనం గేటు దగ్గర నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన పిల్లగా ఆమె అందరికీ తెలుసు. (టిక్కెట్టు లేని పెద్దమనిషిని ఆపడం ఎంత కష్టమో రైల్వేవాడినైన నాకు తెలుసు.) అప్పటికి ఆమెకు పద్నాలుగేండ్లు. ఎనిమిదో యేటనే పెళ్ళి చేశారు. పదిహేనో యేట ఆ కాపురం వద్దన్నది. రుఖ్మాబాయి కథే మళ్ళీ. అయితే ఇక్కడ దావా లేదు, ఖైదు మాట లేదు, పుట్టింటివారు ఆమె పక్షాన నిలబడ్డారు.

ఉప్పు సత్యాగ్రహపు రోజులలో జైలుకు పోయినప్పుడు అక్కడి స్త్రీ ఖైదీలను దుర్గాబాయమ్మ దగ్గరగా చూశారు. చదువులేక, చట్టం తెలియక, తమ తరఫున నాలుగు మాటలు చెప్పే దిక్కులేక శిక్షలు అనుభవిస్తున్నవారు. న్యాయశాస్త్రం చదవాలనే పట్టుదల ఆమెకు అక్కడ కలిగింది. బయటికి వచ్చి మెట్రిక్ నుంచి మొదలుపెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు వసతిగృహం లేదంటే, తనవంటి పిల్లలను పోగుచేసి వసతి తామే ఏర్పాటు చేసుకున్నారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకొని హైకోర్టులో వాదించసాగారు. తరువాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే.

అంతగా తెలియనిది బొంబాయితో ఆమె సంబంధం. 1953లో ఆమె పెండ్లాడిన చింతామణి దేశముఖ్‌గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఈ ఊళ్ళో పనిచేసినవారే. అది అట్లా ఉంచండి. ఆ 1953లోనే ఆమె చైనా వెళ్ళి, అక్కడి కుటుంబ న్యాయస్థానాలు పనిచేసే తీరు చూసి వచ్చారు. భార్యాభర్తల తగవును దొంగతనం కేసులాగా బోనులో నిలబెట్టి కాక, కూర్చోబెట్టి మాట్లాడి తేల్చే పద్ధతి. వచ్చాక బొంబాయి హైకోర్టుకు చెందిన చాగ్లా, గజేంద్రగడ్కర్‌గార్లతో చర్చించి, నెహ్రూగారికి సూచన పంపారు. దానికి చట్టరూపం వచ్చేసరికి 1984 అయింది. దుర్గాబాయమ్మ 1981లోనే కన్నుమూశారు. మిఠన్ లామ్‌గారు పోయినదీ ఆ ఏడే. బొంబాయిలో కుటుంబ న్యాయస్థానం 1989లో ఏర్పడి ఇప్పుడు బాంద్రాలో నడుస్తున్నది. అక్కడ జడ్జీలను ఎంచేటప్పుడు స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉన్నది. మన చాళ్ళ ఆడపడుచులు మనోవర్తికో విడాకులకో ఆ మెట్లెక్కినప్పుడు, ఆ ఆలోచన రాజమండ్రిలో పుట్టిన ఒక తెలుగు ప్లీడరమ్మదని వారికి ఎవరైనా చెబితే బాగుంటుంది.

జడ్జీల పీఠం సంగతి త్వరగా ముగిస్తాను. అన్నా చాందీగారు 1937లోనే తిరువాన్కూరులో మునసబు, 1959లో కేరళ హైకోర్టు జడ్జి. మన రెండు ఊళ్ళకు మాత్రం ఇంకా పందొమ్మిదేండ్లు పట్టింది. 1978లో బొంబాయి హైకోర్టుకు సుజాతా మనోహర్‌గారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు కె. అమరేశ్వరిగారు, ఇద్దరూ ఒకే సంవత్సరం, మొదటి మహిళా జడ్జీలుగా వచ్చారు. పని స్థలాలలో స్త్రీల రక్షణకు నియమాలు విధించిన 1997 నాటి విశాఖ తీర్పు ఇచ్చిన ముగ్గురిలో మనోహర్‌గారు ఒకరు. సుప్రీంకోర్టుకు మొదటి స్త్రీ, ఫాతిమా బీవీగారు, 1989లో వచ్చారు. మన తెలుగు ఆడపడుచులలో టి. మీనాకుమారిగారు 2013లో మేఘాలయకు, జి. రోహిణిగారు 2014లో ఢిల్లీకి ప్రధాన న్యాయమూర్తులయ్యారు.

ఇవి చెప్పుకొని సంతోషించవచ్చు. కాని 2021లో దేశ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎన్.వి. రమణగారు చెప్పిన లెక్క మరొక విధంగా ఉన్నది. పదిహేడు లక్షల మంది న్యాయవాదులలో స్త్రీలు నూటికి 15 మంది. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళలో ఎన్నికైనవారిలో నూటికి ఇద్దరు. సుప్రీంకోర్టు న్యాయవాదుల సంఘపు కార్యవర్గంలో మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఉంచాలని 2024లో ఆ కోర్టే చెప్పవలసివచ్చింది. వకీళ్ళు వకీళ్ళకే ఓట్లు వేసుకొనే చోట సంగతి ఇది.

ఇతరులను అని లాభమేమి? మా చాల్‌లోనే, మూడో అంతస్తులో, నాలుగేండ్ల కిందట సనదు తీసుకున్న అమ్మాయి ఉన్నది. తండ్రి మిల్లు మూతబడ్డాక కూరగాయల బండి తోసి చదివించాడు. కోర్టుల చుట్టూ తిరిగే పిల్లకు సంబంధం ఎక్కడ దొరుకుతుందని మన పెద్దలే అన్నారు. రేషను కార్డులో పేరు దిద్దాలన్నా, అఫిడవిట్ రాయాలన్నా అందరూ ఆమె దగ్గరికే వెళతారు. ఊరికే రాయించుకుంటారు. దావా అనేసరికి ఫోర్టుకు పోయి మగ వకీలును వెతుకుతారు. నేను చేసిందీ అదే. చిన్న పిల్ల, జడ్జీ ముందు గొంతు లేస్తుందా అనుకున్నాను. ఇన్ని తీర్పులు చదివి కలకత్తా జడ్జీలను ఎత్తిపొడిచిన నేను, మూడు అంతస్తులు ఎక్కడానికి వెనుకాడాను.

ఎక్కింది అమ్మ. నాకు చెప్పకుండా ఒకనాటి రాత్రి పోయి కూర్చున్నది. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "పెద్దమ్మా, పెండ్లిల కట్నాలు చదివించిన పుస్తకం ఉన్నదా?" అని. ఫోర్టు వకీలుకు ఆ పుస్తకం ఒకటి ఉంటుందనే తెలియదు. అమ్మ ట్రంకుపెట్టె అడుగున, నూనె మరకలతో, తేదీ, ఊరి పేరు, మేనమామ ఇచ్చిన ఇత్తడి బిందె మొదలుకొని అందరి పేర్లతో అది భద్రంగా ఉన్నది. వకీలును మార్చుకున్నాము. అమ్మను మళ్ళీ ప్రశ్నించడానికి అనుమతి కావాలని ఆమె దరఖాస్తు పెట్టింది, కోర్టు ఒప్పుకున్నది. ఈ పర్యాయం అమ్మ కొంగు నోటికి పోలేదు. ఆ అమ్మాయి ముఖం చూస్తూ, పెండ్లి మొదలు నాన్నగారు పోయిన రోజు దాకా తెలుగులో చెప్పింది. దుబాసీ మరాఠీలోకి మార్చాడు. జడ్జీ ఆ పుస్తకాన్ని పేజీ పేజీ తిప్పి చూశారు.

తీర్పు ఇంకా రాలేదు, వాయిదా వేసవి సెలవుల తరువాతకు పడింది. ఫీజు సంగతి అడగడానికి ఈసారి నేనే మూడు అంతస్తులూ ఎక్కాను. మన పిల్లే గదా, ఏమైనా తగ్గిస్తుందేమోనని మనసులో ఉన్నది. "అన్నా, ఫోర్టు వకీలుకు ఎంత ఇచ్చినవో గంతే ఇయ్యి" అన్నది. ఇచ్చాను. రశీదు రాసి ఇచ్చింది.